ముందు పుట్ట, తరువాత గొడుగు

మన తెలుగు మాటల్లో కొన్నింటిని విడదీసి చూస్తే అవి కేవలం పేర్లుగా కాక చిన్న చిన్న నివేదికలుగా కనిపిస్తాయి. ‘పుట్టగొడుగు’ అటువంటి మాట. సంస్కృతంలోని ‘ఛత్రాకము’ ఆ వస్తువు ఆకారాన్ని మాత్రమే తెలుపుతుంది. మన మాట ఆకారంతోపాటు ఆచూకీని కూడా తెలుపుతుంది. అందులోనూ ఆచూకీ ముందు, ఆకారం తరువాత. తినడానికి పనికిరాని దానిని మన పెద్దలు అనేక ప్రాంతాల్లో ‘కుక్కగొడుగు’ అని వేరు చేశారు. గొడుగు రెండు మాటల్లోనూ ఉన్నది. రెండవ దానిలో లేనిది పుట్ట ఒక్కటే.

మూడు దశాబ్దాలుగా సివిల్ ఇంజనీరుగా పనిచేస్తున్న నాకు ఈ మాట నిర్మాణం మీద ప్రత్యేకమైన అభిమానం ఉన్నది. పైకట్టడాన్ని చూచి పునాదిని ఊహించరాదన్నది మా వృత్తిలో మొదటి పాఠం. అడవిలో మొలిచే పుట్టగొడుగును గుర్తించే విద్యలో కూడా మొదటి పాఠం అదేనని నేను పుస్తకాల్లో కాక, ఉద్యోగరీత్యా తిరిగిన అడవుల్లో నేర్చుకొన్నాను. మన సంస్థ ప్రాజెక్టులు చాలావరకు అడవుల అంచున ఉన్నవే. మన టౌన్‌షిప్పుల్లో దేశం నలుమూలల నుండి వచ్చిన కుటుంబాలు నివసిస్తున్నాయి. ప్రతి వర్షాకాలంలోనూ మన ఇళ్ళ చుట్టూ ఈ గొడుగులు మొలుస్తూనే ఉంటాయి. కనుక ఈ విషయాన్ని మన పత్రిక పాఠకులతో పంచుకోవడం ఉపయోగకరమని భావిస్తున్నాను.

మొదట పుట్ట సంగతి. సివిల్ ఇంజనీర్లకు చెదపురుగు పుట్టుశత్రువు. భవనాలకు చెదల నివారణ ఎలా చేయాలో చెప్పే ఐ.ఎస్. 6313 అనే భారతీయ ప్రమాణం మాకు కంఠస్థం. పునాది గోతుల్లో మందు చల్లించడం, రికార్డు వ్రాయించడం మా దినచర్యలో భాగం. అటువంటి నాకు, మనం పురుగుగా చూచే ఈ ప్రాణి నిజానికి ఒక సేద్యగాడని తెలిసినప్పుడు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ తగ్గలేదు.

మన దేశంలో పుట్టలు పెట్టే చెదలలో కొన్ని జాతులు ఎండుటాకులనూ, పుల్లలనూ, చచ్చిన కలపనూ కొరికి మింగి, పూర్తిగా అరగని ఆ పదార్థాన్ని పుట్ట లోపలి గదుల్లో విసర్జించి, తేనెపట్టు వలెనో స్పాంజి వలెనో ఉండే ముద్దలుగా పేరుస్తాయి. ఆ ముద్దల మీద ఒక శిలీంధ్రం పెరుగుతుంది. కలపలోని గట్టి పదార్థాన్ని విచ్ఛిన్నం చేసి పోషకాహారంగా మార్చే పని ఆ శిలీంధ్రానిది. దానికి తేమనూ, వేడినీ సమంగా ఉంచి, ఇతర బూజులు రాకుండా కాపాడే పని చెదలది. రెండింటిలో ఏ ఒక్కటీ రెండవది లేకుండా బ్రతకలేదు. సుమారు మూడు కోట్ల సంవత్సరాల క్రితం ఆఫ్రికాలో ఈ వ్యవసాయం ఆరంభమైనదని శాస్త్రజ్ఞుల అంచనా. ఆ శిలీంధ్రానికి 1942లో ఫ్రెంచి శాస్త్రవేత్త రోజర్ హైమ్ ‘టెర్మిటోమైసిస్’ అని పేరు పెట్టాడు. చెదల శిలీంధ్రం అని దాని అర్థం. మన పల్లెల్లో పేరు తెలియని వారు అంతకు ఎన్నో తరాల ముందే ఆ అర్థాన్ని ఒక్క మాటలో పొదిగారు.

వర్షాలు పడి నేల మెత్తబడగానే ఈ శిలీంధ్రం పుట్ట లోపలి ముద్ద నుండి పైకి ప్రయాణం మొదలుపెడుతుంది. మట్టిని చీల్చుకొని రావడానికి దాని శిరస్సున గట్టి మొన ఉంటుంది. పైకి వచ్చి గొడుగు విప్పిన తరువాత కూడా ఆ మొన నడినెత్తిన చిన్న బొడిపెగా మిగులుతుంది. ముద్ద నుండి నేల మట్టం వరకు గల దూరమంతా కాడ వేరువలె సాగుతుంది. కనుక నిజమైన పుట్టగొడుగుకు పైన కనిపించే కాడకంటె క్రింద దాగిన వేరు చాలా సందర్భాల్లో పొడవుగా ఉంటుంది. పుట్ట ఎల్లప్పుడూ పైకి కనిపించాలని నియమం లేదు. భూమిలోపలే ఇల్లు కట్టుకొనే చెదలు కూడా ఉన్నాయి. అప్పుడు చదునైన నేల మీదనే గొడుగులు లేస్తాయి. కాని వేరు పట్టుకొని దిగితే క్రింద ఇల్లు ఉంటుంది.

ఈ సంగతిని నాకు మొదట చూపినవాడు ఒక సర్వే ఖలాసీ. 1998 వర్షాకాలంలో, అప్పటికింకా మధ్యప్రదేశ్‌లోనే ఉన్న బస్తర్ ప్రాంతపు సాలవృక్షాల అడవిలో, నీటి గొట్టపు మార్గానికి మేము సర్వే చేస్తున్నాము. గోండు తెగకు చెందిన ఆ వృద్ధుడు స్టాఫు పట్టుకొని నిలబడవలసినవాడు హఠాత్తుగా కూర్చుండిపోయాడు. ఎదురుగా నేల మీద పది పన్నెండు బూడిదరంగు గొడుగులు. నేను వంగి ఒకదానిని పట్టి లాగబోయాను. అతడు చేయి అడ్డుపెట్టి, “పైన పట్టి లాగకూడదు సాబ్, ఇంటికి దారి తెగిపోతుంది” అన్నాడు. తరువాత మొన చెక్కిన కర్రతో చుట్టూ మట్టిని తీస్తూ, మోచేతి లోతు వరకు వెళ్ళాడు. కాడ సన్నబడుతూ, నల్లబడుతూ, చివరకు తెల్లని చుక్కలున్న ఒక గుల్లముద్దలో కలిసిపోయింది. అక్కడితో ఆగి, ముద్దను కదల్చకుండా మట్టి కప్పాడు. వచ్చే సంవత్సరం మళ్ళీ రావాలి కదా అన్నాడు.

కొంత దూరం పోయిన తరువాత తెల్లగా, ఎంతో అందంగా ఉన్న మరొక గొడుగు కనిపించింది. నా కళ్ళకు అది మొదటి వాటికంటె మేలైనదిగా తోచింది. అతడు దాని ప్రక్కన కూడా అదే శ్రద్ధతో త్రవ్వాడు. ఈసారి వేరు లేదు. కాడ అడుగున ఉబ్బెత్తుగా ఉండి, దాని చుట్టూ చిరిగిన సంచివంటి తెల్లని పొర ఒకటి ఉన్నది. “ఇది చెప్పు తొడుక్కుంది. చెప్పు తొడుక్కున్న దానిని మా ఇంట్లోకి రానివ్వము” అన్నాడు.

అతడు ‘చెప్పు’ అన్న ఆ సంచి శాస్త్రంలో కూడా అత్యంత ముఖ్యమైన గుర్తు. అమానిటా అనే ప్రజాతికి చెందిన గొడుగులు మొలకెత్తేటప్పుడు గ్రుడ్డువంటి పొర లోపల ఉంటాయి. పెరిగేకొద్దీ ఆ పొర చిరిగి, అడుగుభాగం కాడ మొదట గిన్నెవలె మిగిలిపోతుంది. వీటిలో చాలా జాతులు చెట్ల వేళ్ళతో సహజీవనం చేస్తాయి. సాల అడవుల్లోనూ ఈ ప్రజాతి ఉన్నది. అమానిటాలన్నీ విషమయం కావు. కాని ప్రపంచంలో పుట్టగొడుగుల వలన సంభవించే మరణాల్లో అత్యధిక భాగానికి కారణమైన ‘అమానిటా ఫాల్లాయిడిస్’, దాని తెల్లని దాయాదులు ఈ ప్రజాతిలోనివే. ఆ ఒక్క కారణం చాలు, ఆ ఖలాసీ ఇంటి నియమాన్ని గౌరవించడానికి.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ సంచి నేల మట్టానికి క్రింద ఉంటుంది. పైనుండి పట్టి త్రుంచేవారి చేతిలోకి గొడుగూ, కాడా వస్తాయి; సాక్ష్యం మట్టిలోనే ఉండిపోతుంది. ఇంటికి తెచ్చి, కడిగి, పళ్ళెంలో పెట్టిన తరువాత ఎంతటి నిపుణుడైనా చెప్పగలిగినది తక్కువ. వేరు ఉన్నదా, సంచి ఉన్నదా, క్రింద పుట్ట ఉన్నదా అన్న మూడు ప్రశ్నలకూ సమాధానం అడవిలోనే ఉన్నది, వంటింట్లో లేదు.

అయితే ఇంజనీరు ఏ ఒక్క పరీక్షనూ నమ్మి సంతకం చేయడు. వేరు ఉన్నవన్నీ చెదల గొడుగులు కావు. భూమిలో పాతుకొన్న కలప నుండి పొడవైన వేరుతో లేచే ఇతర జాతులూ ఉన్నాయి. పుట్ట ప్రక్కన మొలిచినవన్నీ కూడా పుట్టకు చెందినవి కావు. పొరుగున మాత్రమే ఉండవచ్చు. మరొక ప్రక్క, చెదల గొడుగులలోనే అతి చిన్నదైన ఒక జాతికి ఈ పొడవైన వేరు ఉండదు. చెదలు పుట్ట నుండి బయటకు తెచ్చి పోసిన ముద్ద పలుకుల మీద అది వందల సంఖ్యలో తెల్లగా పరచుకొంటుంది. ఇక వరిగడ్డి మీద పెంచి అమ్మే వాల్వేరియెల్లా జాతికి కూడా అడుగున సంచి ఉంటుంది, అది తినదగినదే. కాబట్టి ఏ ఒక్క గుర్తూ తీర్పు కాదు. అన్ని గుర్తులూ ఒకే మాట చెప్పినప్పుడు మాత్రమే, అదీ ఆ నేలను ఎరిగినవారి సమక్షంలో మాత్రమే నమ్మకం కుదురుతుంది.

ఈ నమ్మకం ఎంత సులభంగా దారి తప్పగలదో 2006 ఆగస్టులో జరిగిన ఒక సంఘటన నాకు చూపింది. అప్పుడు మేము మరొక రాష్ట్రంలోని టౌన్‌షిప్పులో ఉన్నాము. శ్రీకాకుళం జిల్లాలోని మా ఊరి నుండి మా అమ్మ మా దగ్గరకు వచ్చి ఉన్నది. ఒక ఆదివారం మధ్యాహ్నం ప్రక్క క్వార్టరు వారు పళ్ళెం నిండా తెల్లని పుట్టగొడుగులు పంపారు. శుభ్రంగా కడిగి, కాడలు సగానికి కోసి, తడిగుడ్డ కప్పి ఉన్నాయి. గొడుగుల మీద గోధుమరంగు పొలుసులు, కాడకు జారే ఉంగరం వంటి కట్టు. చూడముచ్చటగా ఉన్నాయి. పిల్లలు సంబరపడ్డారు.

అమ్మ పళ్ళేన్ని త్రిప్పి త్రిప్పి చూచి, “వీటికి పుట్ట ఎక్కడ?” అని అడిగింది. ఆటస్థలం అంచున మొలిచాయని మా అమ్మాయి చెప్పింది. అమ్మ దానిని వెంటబెట్టుకొని అక్కడికి వెళ్ళింది. నేనూ అనుసరించాను. అది ఆ సంవత్సరమే లారీలతో మట్టి తెచ్చి పోసి, గడ్డి నాటిన స్థలం. ఇంకా కోయకుండా మిగిలిన ఒక గొడుగు చుట్టూ అమ్మ పుల్లతో త్రవ్వింది. రెండు అంగుళాలలోనే కాడ ఉల్లిగడ్డ వలె ముగిసిపోయింది. వేరు లేదు, ముద్ద లేదు.

“ఇది నేనెరిగిన గొడుగు కాదు నాయనా” అన్నది.

“అయితే విషమంటావా అమ్మా?”

“అదీ నాకు తెలియదు. మన ఊళ్ళో నేను రెండు రకాలు ఎరుగుదును, అంతే. ఇది మన ఊరూ కాదు, ఇవి ఆ రెండూ కావు. తెలియనిదానిని పొయ్యి మీద పెట్టను.”

ఆ మాట చెప్పడానికి నేను ప్రక్క ఇంటికి వెళ్ళేసరికి వారి భోజనాలు అయిపోయాయి. తొమ్మిదేళ్ళ వారి అబ్బాయి అప్పటికే వాంతి చేసుకొంటున్నాడు. గంట తిరగకుండా నలుగురినీ ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. అందరికీ సెలైన్లు పెట్టారు. పెద్దలు మరునాటికి తేరుకొన్నారు. పిల్లవాడు మాత్రం మూడు రోజులు ఉన్నాడు. ఆ మొదటి రాత్రి వాడి తల్లి మంచం ప్రక్కన నిలబడి, ఒక్క మాట మాట్లాడకుండా సీసాలో బొట్లు లెక్కపెడుతూ ఉండడం నేను చూచాను.

డాక్టరు గారు మొదట అడిగినది, వండని గొడుగు ఏదైనా మిగిలిందా అని. మా పళ్ళెం ఉన్నది. అమ్మ మొదలంటా త్రవ్వి తీసినది కూడా ఉన్నది. ఆయన సూచన మీద ఒక గొడుగు కాడను కోసి, మొప్పలు క్రిందికి ఉండేటట్లు తెల్ల కాగితం మీద బోర్లించి, స్టీలు గిన్నె మూసి ఉంచాము. ఉదయం గిన్నె తీసి చూస్తే కాగితం మీద మొప్పల గీతలన్నీ ముద్రవలె పడి ఉన్నాయి. ఆ ముద్ర రంగు బూడిద కలిసిన ఆకుపచ్చ.

పచ్చని సిద్ధబీజాలను రాల్చే ఆ గొడుగు పేరు ‘క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్’. ఉష్ణదేశాలలో పచ్చికబయళ్ళ మీద, తోటల్లో విరివిగా మొలుస్తుంది. లేతగా ఉన్నప్పుడు మొప్పలు తెల్లగానే ఉంటాయి. ముదిరిన తరువాతనే పచ్చబడతాయి. తిన్న ఒకటి నుండి మూడు గంటలలో తీవ్రమైన వాంతులు, విరేచనాలు కలిగిస్తుంది. సాధారణంగా ప్రాణం తీయదు గాని, శరీరంలోని నీరంతా లాగివేస్తుంది కనుక పసిపిల్లలకు ప్రమాదకరం. మన పొరుగువారు ఉత్తరాఖండ్ కొండల్లో పెరిగిన వ్యక్తి. అక్కడి పచ్చికల్లో పొలుసుల గొడుగు, జారే ఉంగరం గల ఒక పెద్ద జాతి నిజంగానే తినదగినది. చిన్నతనంలో తండ్రితో కలిసి దానినే ఏరేవాడినని, తండ్రి చెప్పిన గుర్తులన్నీ సరిచూచే కోశానని ఆయన తరువాత నాతో అన్నారు. ఆ తండ్రి నేర్పినదానిలో తప్పు లేదు. ఆ గుర్తులు ఆ కొండలకు చాలినవి. ఈ నేల మీద అవే గుర్తులతో మరొకటి మొలుస్తుందని ఆ కొండల్లో చెప్పవలసిన అవసరం ఎవరికీ రాలేదు.

బదిలీల మీద బ్రతికే మనవంటి కుటుంబాలకు ఇందులో ప్రత్యేకమైన హెచ్చరిక ఉన్నదని నేను తలుస్తాను. భాష, వంట, పండుగ మనతోపాటు రైలెక్కి వస్తాయి. అడవి జ్ఞానం మాత్రం ఆ అడవిలోనే చెల్లుబాటు అవుతుంది. ఇది మన దేశానికే పరిమితమైన సంగతి కాదు. 2011 డిసెంబరు 31 రాత్రి ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో విందు కోసం స్థానికంగా ఏరిన గొడుగులను వండుకొని తిన్నవారిలో ఇద్దరు, 2012 జనవరి మొదటి వారంలో మరణించారు. అవి అమానిటా ఫాల్లాయిడిస్. ఐరోపా నుండి తెచ్చి నాటిన చెట్ల వేళ్ళతోపాటు ఆ దేశానికి చేరిన జాతి అది. గ్రుడ్డు దశలో దానిని చూచి తూర్పు ఆసియా, ఆగ్నేయాసియా దేశాల నుండి వలస వచ్చినవారు తమ వరిగడ్డి గొడుగుగా పొరబడడం వైద్యులు అనేకమారులు నమోదు చేసిన విషయం. మన దేశంలో 2022 ఏప్రిల్‌లో ఎగువ అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని పదమూడు మంది మరణించారు. దిబ్రూగఢ్‌లోని అస్సాం వైద్య కళాశాల ఆసుపత్రికి చేరినవారిలో ఎక్కువమంది తేయాకు తోటల కుటుంబాలవారు.

ప్రాణాంతకమైన అమానిటా విషం పనిచేసే తీరు చాలా మోసకరమైనది. తిన్న తరువాత ఆరు గంటల నుండి, కొన్నిసార్లు ఒక దినం వరకు ఏ బాధా ఉండదు. రుచి కూడా బాగున్నదని బ్రతికి బయటపడినవారు చెప్పారు. తరువాత వాంతులు, విరేచనాలు మొదలై దినమంతా సాగుతాయి. ఆపైన కొంత తెరపి వస్తుంది. రోగి లేచి కూర్చుంటాడు. ఇంటివారు ఊపిరి పీల్చుకొంటారు. ఆ సమయంలోనే లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. ఈ విషం జీవకణాలలో ప్రోటీన్ల తయారీకి కావలసిన సందేశాలను నకలు తీసే ఎంజైమును అడ్డుకొంటుంది. మూడు, నాలుగు రోజుల నాటికి కాలేయం పూర్తిగా విఫలం కావచ్చు. శరీర బరువులో కిలో ఒక్కింటికి 0.1 మిల్లీగ్రాము విషం ప్రాణం తీయడానికి చాలునని అంచనా. అంటే 60 కిలోల మనిషికి 6 మిల్లీగ్రాములు. ఎదిగిన ఒకే ఒక గొడుగులో అంత విషం ఉండవచ్చు. వండినా, ఎండబెట్టినా ఈ విషం నశించదు.

ఈ కారణం చేతనే మన ఇళ్ళలో ప్రచారంలో ఉన్న కొన్ని ‘పరీక్షల’ గురించి గట్టిగా చెప్పవలసి ఉన్నది. కూరలో వెండి నాణెం వేస్తే నల్లబడకపోతే మంచిదని కొందరు, వెల్లుల్లి రంగు మారకపోతే మంచిదని కొందరు, బియ్యం ఎర్రబడకపోతే మంచిదని మరికొందరు అంటారు. ఈ విషానికీ, వెండికీ, వెల్లుల్లికీ, బియ్యానికీ ఎట్టి సంబంధమూ లేదు. పురుగు తొలిచినది మనిషికీ మంచిదే అన్న నమ్మకం కూడా నిరాధారం. పురుగుకు హాని చేయనిది మన కాలేయానికి చేయవచ్చు. తెల్లనిది మంచిది, రంగురంగులది చెడ్డది అన్నది మరొక భ్రమ. అత్యంత విషపూరితమైన జాతుల్లో కొన్ని మల్లెపువ్వువలె తెల్లనివి. ఈ పరీక్షలన్నింటిలో ఉన్న లోపం ఒక్కటే: అవి వస్తువును గుర్తించవు. ఏ జాతి అని తెలియకుండా మంచిచెడ్డలు నిర్ణయించే అడ్డదారి ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు.

పొరపాటున ఎవరైనా తిని అస్వస్థులైతే ఇంటివైద్యం చేస్తూ కాలం గడపరాదు. తిన్నవారందరినీ, బాధ లేనివారితో సహా, వెంటనే ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాలి. మిగిలిన గొడుగులను, తొక్కలను, కూరను, వీలైతే వాంతి నమూనాను కూడా వెంట తీసుకొని పోవాలి. ఎన్ని గంటలకు తిన్నారు, ఎన్ని గంటలకు మొదటి బాధ కలిగింది అన్న రెండు సమయాలూ కాగితం మీద వ్రాసి డాక్టరుకు ఇవ్వాలి. రెండు మూడు గంటలలోపే వాంతులు మొదలైతే ప్రాణాంతక విషం కాకపోవచ్చునన్న ఆశ ఉంటుంది. కాని రెండు రకాలు కలిపి తిని ఉండవచ్చు కనుక నిశ్చింత పనికిరాదు. ఆలస్యంగా మొదలైన బాధ మరింత ప్రమాద సూచన. వైద్యులకు సలహా ఇవ్వడానికి న్యూఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో 1995లో ఏర్పడిన జాతీయ విష సమాచార కేంద్రం ఉన్నది.

ఇంత చెప్పినందువలన అడవి పుట్టగొడుగులు తినేవారందరూ అవివేకులని నా అభిప్రాయం కాదు. బస్తర్ సంతల్లో వర్షాకాలం ఆరంభంలో సాలచెట్ల క్రింద దొరికే ‘బోడా’, తరువాత వచ్చే ‘ఫుటు’ రకాలు ఎన్నో కుటుంబాలకు ఆహారం, ఆదాయం కూడా. చెదల గొడుగును వాణిజ్య స్థాయిలో పెంచడం ఇప్పటికీ సాధ్యపడలేదు. చెదలు చేసే సేద్యాన్ని మనిషి అనుకరించలేకపోయాడు. కనుక అది అడవి నుండే రావాలి, దానిని ఎరిగినవారి చేతుల మీదుగానే రావాలి. వారి జ్ఞానం తరతరాలుగా ఒకే నేల మీద పరీక్షకు నిలిచిన జ్ఞానం. మనం గౌరవించవలసినది వారు ఏరే వాటిని మాత్రమే కాదు. వారు ముట్టకుండా వదలివేసే వాటిని కూడా.

మా వృత్తిలో ఒక పద్ధతి ఉన్నది. టెస్టు సర్టిఫికెట్ లేని ఉక్కు పనిస్థలానికి వచ్చినప్పుడు అది చెడ్డ ఉక్కు అని మేము వ్రాయము. స్వీకరించము, అంతే. చెడ్డదని రుజువు చేసే బాధ్యత మాది కాదు; మంచిదని రుజువు చేసే బాధ్యత తెచ్చినవారిది. చదువు లేని మా అమ్మ ఆ రోజు అనుసరించినది సరిగ్గా ఈ నియమాన్నే. నలుగురి ఎదుట “నాకు తెలియదు” అనడానికి ఆమె వెనుదీయలేదు. పట్టాలు, హోదాలు ఉన్న మనకు ఆ మాట నోటికి రావడం కష్టం. కాని కొన్ని వంటిళ్ళలో ప్రాణాలు నిలబెట్టగలిగినది ఆ ఒక్క మాటే.

పాఠక మిత్రులకు, ముఖ్యంగా పిల్లలున్న తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఈ వర్షాకాలంలో ఒక సెలవునాడు పిల్లలను వెంటబెట్టుకొని టౌన్‌షిప్పులో తిరగండి. గొడుగు కనిపిస్తే, ఎంత బాగున్నా, లాగవద్దు. చుట్టూ మట్టి తీసి మొదలు చూడండి. వేరు ఉన్నదా, సంచి ఉన్నదా, కాడకు ఉంగరం ఉన్నదా అన్నది పిల్లల చేత పుస్తకంలో బొమ్మ వేయించండి. ఒక గొడుగును సగం తెలుపు, సగం నలుపు కాగితం మీద రాత్రంతా బోర్లించి ఉంచండి. తెల్లని సిద్ధబీజాలు నలుపు మీద, రంగువి తెలుపు మీద కనిపిస్తాయి. అమానిటాకు తెలుపు, చెదల గొడుగుకు లేత గులాబీ, పచ్చికలోని ఆ మోసగత్తెకు ఆకుపచ్చ. చూచిన తరువాత గొడుగును పారవేసి, చేతులు సబ్బుతో కడిగించండి. తాకినంతమాత్రాన ఏమీ కాదు. కూరకు మాత్రం బజారులో దొరికే పెంపుడు పుట్టగొడుగులే తెచ్చుకోండి. ఎవరైనా ఆప్యాయంగా పళ్ళెం నింపి పంపితే, “వీటికి పుట్ట ఎక్కడ?” అని అడగడానికి మొగమాటపడవద్దు.